పిల్లల థెరపీలో చేరాను, నేర్పేవారు లేరు: ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

సన్నజాజి (ఒంగోలు)

అందరికీ నమస్కారం. సైకాలజీతో డిగ్రీ పూర్తిచేసి ఏడు నెలలుగా ఒక చిన్న థెరపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. దానికి ముందు మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేశాను. వీడియోలు చూశాను, ప్రశ్నలకు టిక్కులు పెట్టాను, సర్టిఫికెట్ ప్రింటు తీసుకున్నాను. ఆ మూడు నెలల్లో ఒక్క పిల్లవాడిని కూడా దగ్గరగా చూడలేదు. సెంటర్‌లో చేరిన మూడో రోజే ఆరుగురు పిల్లలను నాకు అప్పగించారు. తలుపు మీద నా పేరు పక్కన 'థెరపిస్ట్' అని రాశారు.

పోయిన నెలలో జరిగింది చెబుతాను. నాలుగేళ్ల బాబు, ఆటిజం ఉంది, ఇంకా మాటలు రాలేదు. రంగు రింగులను కర్రకు తొడిగే పని ఇచ్చాను. రెండు తొడిగాడు, మూడోది విసిరేశాడు. మళ్లీ చేతికిచ్చాను. ఈసారి తన ముంజేతినే కొరుక్కున్నాడు, పళ్ల గాట్లు పడేటంతగా. పక్క గదిలోని సీనియర్ వచ్చి "కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెట్టు, భుజాలు గట్టిగా పట్టుకో, పని పూర్తయ్యేదాకా వదలవద్దు" అన్నారు. పట్టుకున్నాను. ఇరవై నిమిషాలు. ఏడ్చి ఏడ్చి బాబు గొంతు బొంగురుపోయింది. వాడి చేతిని నా చేతిలో పట్టుకుని మిగతా రింగులు తొడిగించి, ఫైలులో 'పూర్తయింది' అని రాశాను.

మర్నాడు బాబు గేటు దగ్గరే వాళ్ల నాయనమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడిపోయాడు. ఇప్పటికీ నన్ను చూస్తే చెవులు మూసుకుంటాడు.

నేను చేసింది తప్పని నాకు తెలుసు. దానికి బదులు ఏమి చేసి ఉండాలో తెలియదు. ఈ పని వదలాలని లేదు. సరిగ్గా నేర్చుకోవాలని ఉంది. దారి చెప్పండి.

పలుకుతేనె (విశాఖపట్నం)

సన్నజాజి గారూ, మీరు అడిగిన రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ బాబు రేపు కూడా మీ దగ్గరకు వస్తాడు.

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ముందు ఏమి జరిగింది, బాబు ఏమి చేశాడు, తరువాత ఏమి జరిగింది. మీరు రాసినదాన్నే ఆ గడుల్లో పెట్టి చూడండి. రెండు రింగులు తొడిగాడు. మూడోదానికి విసిరేశాడు. అంటే 'ఇక చాలు' అన్నాడు. మనం వినలేదు. అప్పుడు చేయి కొరుక్కున్నాడు, అంటే అదే మాటను గట్టిగా చెప్పాడు. మాటలు రాని పిల్లవాడికి ఆ పూట అందుబాటులో ఉన్న భాష అది. రెండో రింగు దగ్గరే మీరు చేయి చాచి, అరచేయి ఆడించి, "చాలు" అని నెమ్మదిగా అని, పెట్టె మూసి ఉంటే ఆ రోజుకు వాడికి ఒక మాట దొరికి ఉండేది. రేపటి నుంచి రెండే ఇవ్వండి. కొరకకముందే ఆపండి. 'చాలు' అనే సైగను మీరే వాడి తరఫున చేసి చూపండి. మూడో రింగు సంగతి రెండు వారాల తరువాత చూద్దాం.

భుజాలు అదిమి పట్టడం మాత్రం ఇంకెప్పుడూ వద్దు. ఎవరు చెప్పినా వద్దు.

ఇక చదువు సంగతి. నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో చదివాను. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. అక్కడ పాఠాల కంటే ఎక్కువ నేర్పింది క్లినిక్. పిల్లవాడితో ఏమి చేయబోతున్నామో ముందు రోజే రాసి సూపర్‌వైజర్‌కు చూపించాలి. నా మొదటి ప్లాను నాలుగు సార్లు తిప్పి పంపారు. "పిల్లవాడు మాట్లాడతాడు అని రాశావు. ఏ మాట? ఎవరితో? పదిసార్లలో ఎన్నిసార్లు?" అని అడిగేవారు. అప్పుడు కన్నీళ్లు వచ్చేవి. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే పిల్లలకు అదే శ్రీరామరక్ష.

అక్కడ నేర్చుకోలేనిది తెలుగు. క్లినిక్‌కు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది కన్నడం వారు, పుస్తకాలన్నీ ఇంగ్లిషు. ఇంటికి వచ్చాక అంతా మళ్లీ మొదలు. ఇంగ్లిషు వర్క్‌షీట్లలో మాట చివరి హల్లు వదిలేసే పిల్లల కోసం పేజీలకు పేజీలు ఉంటాయి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ పేజీలు మన ఊరి పిల్లవాడికి ఎందుకు? మనకు కావలసినవి అమ్మ, అక్క, బువ్వ, పప్పు, అత్త. ఒత్తులున్నవి, ఇంట్లో రోజుకు వందసార్లు వినిపించే మాటలు. ఆపిల్ బొమ్మ చూపించి మాట రాలేదని దిగులుపడే ముందు, పిల్లవాడి కంచంలో ఏముందో అడగాలి.

ఇంకొకటి. ఆటిజం ఉన్న మన పిల్లలు చాలామంది దాహం వేస్తే "నీళ్లు కావాలా" అంటారు. అమ్మ అడిగే మాటనే తిరిగి చెబుతున్నారు. దాన్ని తప్పని దిద్దకూడదు. మనం అడగడం తగ్గించి, గ్లాసు పట్టుకుని, వాడి గొంతుతో "నీళ్లు కావాలి" అని చెప్పి ఇవ్వాలి. 'లా' నుంచి 'లి'కి మారడానికి నా దగ్గర ఒక పాపకు ఐదు నెలలు పట్టింది. మారిన రోజు వాళ్ల నాన్న ఆటో ఆపి రోడ్డు మీద నుంచే ఫోను చేశాడు. ఈ సంగతి ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ ఉండదు. తెలుగులో పనిచేసిన మనిషి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

కరీంనగర్ అమ్మ

నేను థెరపిస్ట్‌ని కాను. మా అబ్బాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. వాడికి మూడేళ్లున్నప్పటి నుంచి వారానికి మూడు రోజులు తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాద్ తీసుకెళ్లేదాన్ని. నలభై ఐదు నిమిషాలకు 700 రూపాయలు. మొదటి సెంటర్‌లో తలుపు మూసేసేవారు, లోపల ఏమి జరుగుతుందో తెలిసేది కాదు. బయటికి వచ్చాక "బాగా చేశాడమ్మా" అనేవారు. ఏమి బాగా చేశాడో ఎవరూ చెప్పలేదు. పద్నాలుగు నెలలు అలాగే గడిచాయి.

తరువాత ఇంకొక మేడమ్ దొరికారు. మొదటి రోజు వాడిని ముట్టుకోలేదు. నన్ను అడిగారు: "ఇంట్లో బాబు ఎక్కడ కూర్చుని తింటాడు? ఎవరు తినిపిస్తారు? చెంచాతోనా, చేత్తోనా?" గంటసేపు అవే ప్రశ్నలు. నాకు విసుగొచ్చింది, ఇంత దూరం వచ్చింది దీనికా అనుకున్నాను. రెండో రోజు నన్ను లోపల కూర్చోబెట్టి నా చేతే చేయించారు. చొక్కా గుండీ పెట్టుకోవడం చివరి గుండీ నుంచి నేర్పించాలని ఆవిడే చెప్పారు. నాలుగు నేను పెట్టి ఆఖరిది వాడికి వదిలేయాలి. 'నేనే పూర్తిచేశాను' అన్న సంతోషం వాడికి దక్కాలి. ఇప్పుడు ఐదూ వాడే పెట్టుకుంటాడు.

సన్నజాజి గారూ, మీ మీద నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. మా వాడినీ ఎవరో అలా పట్టుకునే ఉంటారు, నాకు చెప్పి ఉండరు. మీరు చెప్పారు. ఆ నాయనమ్మకు కూడా చెప్పండి. చెప్పి, ఆమెను లోపల కూర్చోబెట్టుకోండి.

ఊయల (హైదరాబాద్)

ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే తినడం, బట్టలు తొడుక్కోవడం, ఆడుకోవడం వంటి రోజువారీ పనులు పిల్లలకు నేర్పడం నా పని. ఈ చర్చలో పై అమ్మగారి మాటకు నేను పూర్తిగా కట్టుబడి ఉన్నాను.

శిక్షణ లేకపోతే ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. ఈ రోజుల్లో ప్రతి సెంటర్‌లో ఊయల, ట్రాంపోలిన్, బంతుల తొట్టి ఉంటున్నాయి. గోడకు 'సెన్సరీ ఇంటిగ్రేషన్' అని బోర్డు. కదలిక, స్పర్శ వంటివాటిని పిల్లవాడి మెదడు సరిగ్గా సర్దుకునేలా సాయపడటానికి అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఏళ్ల తరబడి పరిశోధించి నిలబెట్టిన పద్ధతి అది. ఊయలలో కూర్చోబెట్టి గిర్రున తిప్పడం కాదు. తిప్పుతున్నప్పుడు పిల్లవాడి ముఖం రంగు చూడాలి, చెమట చూడాలి, శ్వాస వినాలి. పాలిపోతే ఆపాలి. మూర్ఛలు వచ్చే పిల్లవాడా అని ముందే అడగాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలోని ఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు చూసి సరే అనకుండా వారి చేత పిల్లిమొగ్గలు వేయించకూడదు. ఈ రెండు ప్రశ్నలు అడగని సెంటర్లను నా కళ్లతో చూశాను.

ఇంకొకటి తినిపించడం. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పే స్థితి) ఉన్న రెండేళ్ల పాపను తెచ్చారు. నెలకోసారి న్యుమోనియా. వాళ్లమ్మ పాపను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి గంజి పోసేది, అది ఊపిరితిత్తుల్లోకి జారేది. పుస్తకంలో నేను ఆ పాఠానికి మంచి మార్కులు తెచ్చుకున్నాను, అయినా నాకు తట్టలేదు. మా మేడమ్ మాట్లాడకుండా పాపను నిటారుగా కూర్చోబెట్టి, వీపుకు దిండు పెట్టి, పాదాల కింద పుస్తకాలు పేర్చి, గడ్డం కొంచెం కిందికి వంచింది. చెంచాను పైనుంచి కాకుండా ఎదురుగా, నోటి ఎత్తులో తెచ్చింది. గంజిని కొంచెం చిక్కగా చేయించింది. పాప దగ్గకుండా మింగింది. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాలుగున్నరేళ్ల చదువులో నాకు ఆ పది నిమిషాలు ఇప్పటికీ గుర్తు.

సన్నజాజి గారూ, ఆ బాబు చేయి కొరుక్కున్న రోజు చెవి నొప్పో పంటి నొప్పో ఉందేమో కూడా అడగండి. చెప్పుకోలేని పిల్లల విషయంలో ముందు ఒంటి బాధ ఏదైనా ఉందేమో చూసుకోవాలి.

కొత్తచిగురు (తిరుపతి)

ఒక సందేహం. '40 గంటల కోర్సు, విదేశీ గుర్తింపు, ఇంటి నుంచే' అని ప్రవర్తన చికిత్స ప్రకటన ఒకటి వచ్చింది. 18,000 రూపాయలు అడుగుతున్నారు. చేరవచ్చా?

పలుకుతేనె (విశాఖపట్నం)

డబ్బు కట్టకముందు ఒక్క సంగతి తెలుసుకోండి. ప్రవర్తన విశ్లేషకులకు గుర్తింపు ఇచ్చే అమెరికా బోర్డు 2023 జనవరి నుంచి కొన్ని దేశాల్లో నివసించేవారి దరఖాస్తులు మాత్రమే తీసుకుంటోంది. భారతదేశం ఆ జాబితాలో లేదు. 40 గంటల శిక్షణ పాఠాలు నిజంగానే ఉన్నాయి, వాటిలో నేర్చుకోదగినవీ ఉన్నాయి. కానీ ఆ పాఠాలు విన్నంత మాత్రాన ఇక్కడ ఉండగా ఆ గుర్తింపు రాదు. అక్కడ కూడా ఆ స్థాయి గుర్తింపు ఉన్నవారు సొంతంగా చికిత్స చేయరు, పైవారి పర్యవేక్షణలో పనిచేస్తారు.

మన దేశంలో చూడవలసింది ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి. దాని చట్టం 1992 నాటిది. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు అందులో నమోదు కావాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టంలోనే ఉంది. ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకు వస్తాయి. తల్లిదండ్రులు రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడవద్దు. నన్ను అడిగినవారిని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు.

నడిపేవాణ్ణి (గుంటూరు)

నేను సెంటర్ నడుపుతున్నాను. ఇక్కడ అందరూ సెంటర్లనే దోషులను చేస్తున్నారు కనుక నా వైపు మాట కూడా వినండి.

ప్రకటన ఇస్తే చదువుకున్న ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దొరకడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. వచ్చిన అమ్మాయి ఏడాదికి హైదరాబాద్ వెళ్లిపోయింది. అంతకుముందు ఇద్దరిని నా ఖర్చుతో శిక్షణకు పంపాను, ఇద్దరూ ఆరు నెలల్లో వేరే చోట చేరారు. ఈలోగా గేటు ముందు నలభై కుటుంబాలు నిలబడి ఉన్నాయి. వారిని వెనక్కి పంపమంటారా? సైకాలజీ చదివిన పిల్లలను తీసుకుని ఉన్నంతలో నేర్పించుకుంటున్నాను. చట్టం చెప్పేది నాకు తెలుసు. మా జిల్లాలో దాన్ని నూటికి నూరు పాళ్లు పాటిస్తే సగం సెంటర్లకు తాళాలు పడతాయి.

ఊయల (హైదరాబాద్)

మీ కష్టం అబద్ధం కాదు. కానీ 'ఉన్నంతలో నేర్పించడం' అంటే మీ దగ్గర ఏమిటి? కొత్తగా వచ్చినవారు ఎన్ని రోజులు చూస్తారు, ఎన్నో రోజు నుంచి పిల్లవాడిని ముట్టుకుంటారు, వారు చేసేది వారానికి ఎన్నిసార్లు మీరు చూస్తారు?

నడిపేవాణ్ణి (గుంటూరు)

నిజం చెబుతాను. మొదటి వారం చూస్తారు. తరువాత చూడటానికి నాకు తీరిక ఉండటం లేదు. ఫీజులు, అద్దె, తల్లిదండ్రులతో మాటలు, వీటితోనే రోజు గడిచిపోతోంది. మీరు అడిగాక లెక్క వేసుకున్నాను. గత మూడు నెలల్లో మా అమ్మాయిల సెషన్లు పూర్తిగా చూసింది నాలుగు.

మట్టిబాట (నల్గొండ జిల్లా)

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో నేను రిసోర్స్ పర్సన్‌ని. మండలంలో కేంద్రానికి రాగలిగిన పిల్లలను ఇక్కడ చూస్తాను, మంచం మీదే ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్తాను. బండి మీద మందుల సంచిలా బొమ్మల సంచి. వారానికి ఒకసారి ఫిజియోథెరపిస్ట్ వస్తారు. ఆ రోజు నేను ఆయన పక్కనుంచి కదలను, మిగతా రోజులు ఆ తల్లులకు నేనే గుర్తుచేయాలి కనుక.

మాకు శిక్షణలు ఉంటాయి. జిల్లా కేంద్రంలో కొద్ది రోజులు, హాలు నిండా కుర్చీలు, ముందు తెర. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి, పాత చట్టంలో ఉన్నవి 7. ఈ జాబితా నాకు కంఠతా వచ్చు. కానీ కండరాలు బిగుసుకుపోయిన పిల్లవాడి కాలును ఎంత మెల్లగా చాపాలో ఒక్క శిక్షణలోనూ నా చేతికి నేర్పలేదు. ఫిజియో సార్ నేర్పారు. "మీరు లాగవద్దు, బిగువు దానంతట అది వదిలేదాకా ఆగండి" అని నా అరచేతి మీద తన అరచేయి పెట్టి చూపారు. శిక్షణ హాలుకు ఒక తల్లినీ బిడ్డనూ పిలిచి, మా చేత చేయించి, తప్పులు దిద్దితే ఎంత బాగుంటుంది! ఈ మాట ప్రతి ఏడాదీ అభిప్రాయ పత్రంలో రాస్తున్నాను.

ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. కనుక ఈ చదువు చదివినవారి అవసరం పెరుగుతుంది. సన్నజాజి గారికి డిగ్రీ ఉంది కాబట్టి స్పెషల్ బీఈడీ మంచి దారి. ఇంటర్ వరకు చదివినవారికి రెండేళ్ల డిప్లొమా ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థను, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, ఒకసారి వెళ్లి చూడండి. ఆటిజాన్ని అంచనా వేయడానికి మన దేశంలో వాడే 40 అంశాల కొలమానం అక్కడ తయారైందే. కాలేజీని ఎంచుకునేటప్పుడు భవనం చూడవద్దు. "ప్రాక్టికల్స్ ఏ బడిలో? నా పాఠం ఎవరు చూస్తారు?" అని అడగండి. జవాబు నసిగితే బయటికి వచ్చేయండి.

గోదారిగట్టు (డల్లాస్)

రాజమండ్రి అమ్మాయిని, ఇక్కడ స్పీచ్ థెరపిస్ట్‌ని. ఇక్కడ మాస్టర్స్ చదువుతుండగా 400 గంటలు క్లినిక్‌లో చేయాలి. డిగ్రీ వచ్చాక కూడా కనీసం 36 వారాలు, 1,260 గంటలు, ఒక సీనియర్ పర్యవేక్షణలో పనిచేస్తేనే మా వృత్తి సంఘం పూర్తి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ తొమ్మిది నెలల్లో నా సూపర్‌వైజర్ నన్ను మెచ్చుకున్నది తక్కువ. కానీ ఏ రోజూ నన్ను పిల్లవాడితో ఒంటరిగా మునగనివ్వలేదు. సన్నజాజి గారి మొదటి పోస్టు చదివి, ఆ గదిలో ఈ అమ్మాయి పక్కన ఒక్క మనిషి కూడా లేరే అని చాలాసేపు బాధపడ్డాను.

నడిపేవాణ్ణి గారూ, మీకు తీరిక లేదన్నారు. ఆ పనిలో కొంత బయటివారం చేయగలం. వారానికి ఒక గంట నేను ఇస్తాను, డబ్బు వద్దు. పది నిమిషాల సెషన్ వీడియో చూసి మాట్లాడుకుందాం. చికిత్స నేను చేయను, మీ ఊరి డాక్టర్లకూ థెరపిస్టులకూ బదులు కాను, చూసింది చూసినట్టు చెబుతాను. నాకు తెలుగు పిల్లలతో పని తక్కువ, కాబట్టి పలుకుతేనె గారు కూడా ఉంటే బాగుంటుంది. వీడియో తీయడానికి తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి. అది లేకుండా నేను చూడను.

పలుకుతేనె (విశాఖపట్నం)

నేను ఉంటాను. నెలకు రెండు ఆదివారాలు ఖాయం.

నడిపేవాణ్ణి (గుంటూరు)

మా ఇద్దరు అమ్మాయిలు చేరతారు. నేనూ కూర్చుంటాను. కొత్తవారిని నెల రోజులపాటు ఒంటరిగా పిల్లల దగ్గరకు పంపకూడదని నిన్ననే నిర్ణయించుకున్నాను. దానివల్ల ఎనిమిది స్లాట్లు తగ్గాయి. తల్లిదండ్రులకు కారణం చెప్పాను, ఇద్దరు వెళ్లిపోయారు, మిగతావారు ఉన్నారు.

సన్నజాజి (ఒంగోలు)

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

నాయనమ్మ గారికి చెప్పాను. ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసి, "అందుకేనా రాత్రిళ్లు ఉలిక్కిపడుతున్నాడు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ తరువాత వారం రోజులు నేను బాబును గదిలోకి పిలవలేదు. గేటు దగ్గర అరుగు మీద ఆమె పక్కన కూర్చుని ఒక స్టీలు గ్లాసు, కొన్ని చింతగింజలు పెట్టుకుని ఒక్కొక్కటే గ్లాసులో వేస్తూ ఉన్నాను. ఆ చప్పుడు వాడికి ఇష్టమని నాయనమ్మే చెప్పారు. నాలుగో రోజు చెవుల మీద నుంచి ఒక చేయి తీశాడు. ఆరో రోజు దగ్గరకు వచ్చి రెండు గింజలు వేశాడు. మూడోది చేతిలో పట్టుకుని ఆగాడు. నేను అరచేయి ఆడించి "చాలు" అన్నాను. గింజ కింద పెట్టి వెళ్లి నాయనమ్మ ఒడిలో కూర్చున్నాడు. కొరుక్కోలేదు.

పంటి డాక్టరుకు కూడా చూపించారు. వెనుక పన్ను పుచ్చింది. ఊయల గారికి ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

సెంటర్‌లో ఇకపై ఎవరినీ బలవంతంగా పట్టుకోనని చెప్పాను. సీనియర్‌కు నచ్చలేదు, మాట పట్టింపు వచ్చింది, అయినా నా పిల్లల వరకు ఒప్పుకున్నారు. స్పెషల్ బీఈడీకి దరఖాస్తు పెడుతున్నాను. రెండు కాలేజీలకు ఫోను చేసి మట్టిబాట గారు చెప్పిన ప్రశ్నలే అడిగాను. ఒకచోట నసిగారు. రెండోచోట ప్రాక్టికల్స్ జరిగే బడి పేరు చెప్పి, వచ్చి ఒకరోజు చూడమన్నారు. శుక్రవారం వెళ్తున్నాను.

ఆదివారం మాట్లాడుకోవడానికి నన్నూ చేర్చుకుంటారా? నాయనమ్మ గారు వీడియోకు ఒప్పుకున్నారు.

గోదారిగట్టు (డల్లాస్)

తప్పకుండా. అనుమతి పత్రం తెలుగులో రాసి పంపుతున్నాను, పెద్దావిడకు చదివి వినిపించండి. సంతకం మాత్రం బాబు తల్లిదండ్రులది ఉండాలి. వీడియో అరుగు మీదదే తీయండి, గది వద్దు. ఇక్కడ ఉదయం 8 గంటలు, మీకు సాయంత్రం 6:30.

కరీంనగర్ అమ్మ

ఒక అమ్మ కూడా ఉండవచ్చా అక్కడ?

పలుకుతేనె (విశాఖపట్నం)

మీరు లేకుండా మొదలుపెట్టం అమ్మా. లింకు పంపుతాను.